నక్కజిత్తుల నాగన్న

కౌబాయ్ సినిమా అనగానే మన పిల్లలకు అమెరికాయే గుర్తుకొస్తుంది. ఊరు దాటితే ఇసుకే కనిపించే ఈ దేశంలో ఉంటూ, మేము వారికి మరో ఎడారి సంగతి చెబుతూ ఉంటాం.

1971లో పద్మాలయా వారు కృష్ణ కథానాయకుడిగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 'మోసగాళ్ళకు మోసగాడు' తీశారు. ఎడారి దృశ్యాలకు రాజస్థాన్ వెళ్ళారు. టోపీలు, తుపాకులు, గుర్రాలు ఇటాలియన్ దర్శకుడు సెర్జియో లియోనే చిత్రాల పద్ధతివి. రచన మాత్రం ఆరుద్ర గారిది.

అందులో నక్కజిత్తుల నాగన్న వేషం నాగభూషణం గారిది. లియోనే 1966 చిత్రంలో ఈలై వాలక్ ధరించిన టూకో పాత్ర ఛాయలు దీనిలో ఉన్నాయి. వాలక్ న్యూయార్కు రంగస్థలం మీద రాటుదేలిన నటుడు. మన నాగభూషణం గారికీ నాటకమే బడి. తమిళంలో ఎం.ఆర్. రాధా ఆడిన 'రక్తకన్నీరు'ను తెలుగులో ఊరూరా ఆడి, ఆ పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. పరదేశం నుంచి తిరిగొచ్చి, అయినవాళ్ళను చులకన చేసి, చివరకు కుష్ఠురోగియై దిక్కులేకుండా పోయినవాడి కథ అది. పొట్టకూటికి పరదేశం వచ్చిన మనం మరువరాని కథ.

ఆ నాటకంలో పదునెక్కిన వెటకారం, మాట విరుపు నాగన్నకు అక్కరకొచ్చాయి. వేషం పరాయిదైనా నాగన్న మన సంతలో తారసపడే టక్కరిలాగే ఉంటాడు.

నాగభూషణం గారు 1995లో కన్నుమూశారు. ఈసారి ఆ సినిమా చూసేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, గుర్రాల కంటే ముందు ఆ మాటలు వినిపిద్దాం.