ఓడిన రాత్రి చెయ్యి కలపడం: ఐస్ హాకీ ప్లేఆఫ్స్ నుంచి మన తెలుగు టైటాన్స్ దాకా

నేను మీ పరిటాల కుర్రాణ్ణి. మా ఊరు ఎక్కడా అని ప్రతి ఎపిసోడ్ కింద ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. విజయవాడ నుంచి నందిగామ, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాద్ వెళ్తుంటే హైవే పక్కన 135 అడుగుల ఆంజనేయస్వామి కనిపిస్తాడు చూడండి, అదే పరిటాల.

ఈ రోజు టాపిక్ ఐస్ హాకీ. నవ్వకండి! మే నెలలో మా దగ్గర రోడ్డు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. మాకు ఐస్ అంటే గోలీసోడా బండి మీద ఉండేదే. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను ఐస్ హాకీ ప్లేఆఫ్స్ చూస్తా. మనకి అవి తెల్లవారుజామున, పొద్దున్నే వస్తాయి. చూడటం మొదలుపెట్టింది కొట్లాటల కోసమే, దాచేదేం లేదు. కానీ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది మాత్రం కొట్లాటలు కాదు, సిరీస్ అయిపోయాక వచ్చే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల చరిత్రేంటి, దానికీ మన కబడ్డీకీ, మన తెలుగు టైటాన్స్‌కీ ఏంటి సంబంధం, ఇదే ఈ రోజు కథ.

ముందు ఆట ఏంటో చూద్దాం

అమెరికా, కెనడాల్లో జరిగే పెద్ద లీగ్ పేరు ఎన్‌హెచ్‌ఎల్. మంచు మీద ఒక్కో జట్టుకి మామూలుగా ఐదుగురు ఆటగాళ్ళు, ఒక గోలీ. బంతి ఉండదు, పక్ అని గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. పక్ పట్టుకున్నవాణ్ణి భుజంతో గుద్దడం రూల్ ప్రకారం తప్పు కాదు. ఇద్దరు చేతి తొడుగులు తీసి కొట్టుకుంటే వెంటనే ఇంటికి పంపరు, మామూలుగా ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతారు.

ప్లేఆఫ్స్‌కి 16 జట్లు వస్తాయి. నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండ్‌లో ఏడు మ్యాచుల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళ్తారు. అంటే కప్పు కావాలంటే 16 మ్యాచులు గెలవాలి. ఆ కప్పు పేరు స్టాన్లీ కప్. కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ 1892లో ఇచ్చింది.

ఇక్కడ అసలు సంగతి వినండి. ఒకే జట్టుతో రెండు వారాల్లో ఏడుసార్ల దాకా ఆడాలి. మొదటి మ్యాచులో నీ పక్కటెముకల మీద గుద్దినవాడే ఆరో మ్యాచులోనూ నీ ఎదురుగా ఉంటాడు. కోపం మ్యాచుకి మ్యాచుకి పెరుగుతూ పోతుంది. అంతా అయ్యాక, ఎవరో ఒకరి సీజన్ ముగిసిపోయాక, రెండు జట్లూ రెండు వరసలు కట్టి ఒక్కొక్కరికీ చేయి కలుపుతూ దాటుకుంటాయి. మామూలు సీజన్లో ప్రతి మ్యాచుకీ ఇది చెయ్యరు. ప్లేఆఫ్స్‌లో సిరీస్ ముగిసిన రాత్రే చేస్తారు. అంటే చెయ్యి కలపడం అన్నిటికంటే కష్టంగా ఉండే రాత్రి ఏదో, సరిగ్గా ఆ రాత్రే.

1952 నాటి ఒక ఫోటో

1952 ఏప్రిల్ 8, మాంట్రియల్. సెమీఫైనల్ ఏడో మ్యాచు, మాంట్రియల్ కెనడియన్స్‌కీ బోస్టన్ బ్రూయిన్స్‌కీ. మాంట్రియల్ హీరో మారీస్ రిచర్డ్, అభిమానులు రాకెట్ అని పిలుచుకునేవాళ్ళు. రెండో పీరియడ్‌లో బోస్టన్ ఆటగాడు లియో లబీన్‌తో గుద్దుకుని స్పృహ తప్పి మంచు మీద పడిపోయాడు. కనుబొమ్మ దగ్గర చీరుకుపోయింది. లోపలికి తీసుకెళ్ళి కుట్లు వేశారు. ఈ రోజుల్లో అయితే డాక్టర్లు మళ్ళీ ఆడనివ్వరు, ఆడనివ్వకూడదు కూడా. ఆ రోజుల్లో అవేం లేవు. తిరిగొచ్చాడు, మూడో పీరియడ్‌లో గెలుపు గోల్ కొట్టాడు.

మ్యాచు అయ్యాక తీసిన ఫోటో ఒకటుంది. రిచర్డ్ తలకి పట్టీ, ముఖం మీద కారుతున్న రక్తం. ఎదురుగా బోస్టన్ గోలీ జిమ్ హెన్రీ, అతని కళ్ళ చుట్టూ కమిలిపోయి ఉంది. ఇద్దరూ చేతులు కలుపుతున్నారు. ఓడిన హెన్రీ కొంచెం వంగి, నమస్కారం పెడుతున్నట్టు ఉంటాడు. ఒకసారి వెతికి చూడండి. ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో చాలా పేరున్న ఫోటోల్లో అదొకటి. కప్పు మాత్రం మాంట్రియల్‌కి రాలేదు, ఫైనల్లో డెట్రాయిట్ 4-0తో తుడిచేసింది. డెబ్భై ఏళ్ళు దాటినా జనానికి గుర్తున్నది ఈ చేతులే.

చెయ్యి కలిపితే అంతా అయిపోయినట్టేనా?

అయిపోదు. ఇది కూడా చెప్పకపోతే నేను మీకు సగం కథ చెప్పినట్టు.

1996 మే 29. కొలరాడో, డెట్రాయిట్ మధ్య సిరీస్‌లో ఆరో మ్యాచు. కొలరాడో ఆటగాడు క్లాడ్ లెమ్యూ, డెట్రాయిట్ ఆటగాడు క్రిస్ డ్రేపర్‌ని వెనక నుంచి గుద్దాడు. డ్రేపర్ ముఖం వెళ్ళి పక్కగోడకి కొట్టుకుంది. దవడ, ముక్కు, చెంప ఎముక విరిగాయి. కొలరాడో ఆ మ్యాచు గెలిచి సిరీస్ కూడా గెలిచింది. ఆనవాయితీ ప్రకారం అందరూ చేతులు కలిపారు. డ్రేపర్‌కి ఎంత దెబ్బ తగిలిందో అప్పటికి అతని తోటివాళ్ళకి పూర్తిగా తెలీదు. తెలిశాక వాళ్ళలో ఒకాయన, వాడితో చెయ్యెందుకు కలిపానా అని బహిరంగంగానే బాధపడ్డాడు. లెమ్యూకి పడిన శిక్ష రెండు మ్యాచుల నిషేధం, వెయ్యి డాలర్ల జరిమానా.

పది నెలలయ్యాక, 1997 మార్చి 26న, డెట్రాయిట్‌లో ఆ కోపం బద్దలైంది. డ్రేపర్ స్నేహితుడు డారెన్ మెకార్టీ లెమ్యూని మంచు మీదే కొట్టాడు. గోలీలు కూడా మంచు మధ్యలోకొచ్చి తన్నుకున్నారు.

దీన్నిబట్టి నాకర్థమైంది ఇది. చెయ్యి కలపడం క్షమాపణకి బదులు కాదు. జరిగిన తప్పుకి తప్పని ఎవరూ ఒప్పుకోకపోతే, వరసలో నిలబడి చెయ్యి చాపినంత మాత్రాన లెక్క సరిపోదు. మరి ఆ ఆనవాయితీ ఎందుకు? మనసు చల్లబడే దాకా ఆగితే ఎవరూ చెయ్యి కలపరు కాబట్టి. ముందు చెయ్యి కలుపుతారు, మనసు మెల్లగా వెనకాల వస్తుంది. కొన్నిసార్లు రాదు. ఇన్నేళ్ళ తర్వాత మెకార్టీ, లెమ్యూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని అభిమానులకి ఆటోగ్రాఫులు కూడా ఇచ్చారు. అంతకాలం పట్టింది మరి.

ఇప్పుడు మన బరిలోకి వద్దాం

కబడ్డీ అనే పేరు టీవీలో వినకముందు మన పెద్దవాళ్ళకి అది చెడుగుడు. కూతకి వెళ్ళడం, ఊపిరి తెగకుండా తిరిగి గీత తాకడం. ఊరి ఆటలో కెమెరా ఉండదు, రీప్లే ఉండదు. వేలు తగిలిందా లేదా అన్నది ఖచ్చితంగా తెలిసేది ఇద్దరికే, తాకినవాడికీ తగిలినవాడికీ. రిఫరీ చూడకపోయినా "ఔట్ నేను" అని చెయ్యెత్తి బయటకి నడిచేవాడికి ఊళ్ళో ఒక మర్యాద ఉంటుంది. ఐస్ హాకీ వాళ్ళు ఆట అయ్యాక చేతులు కలుపుతారు, మనవాడు ఆట మధ్యలోనే చెయ్యెత్తుతాడు. నా దృష్టిలో రెండూ ఒకటే.

ప్రో కబడ్డీ 2014 జులై 26న మొదలైంది. రాష్ట్రం రెండుగా విడిపోయింది 2014 జూన్ 2న. మధ్యలో రెండు నెలలు కూడా లేదు. అప్పుడు మన జట్టుకి ఆంధ్రా పేరూ పెట్టలేదు, తెలంగాణ పేరూ పెట్టలేదు. తెలుగు టైటాన్స్ అన్నారు. విశాఖలోనూ హోం మ్యాచులు ఆడారు, హైదరాబాద్‌లోనూ ఆడారు. మా ఊరివాడికి ఇది బాగా అర్థమవుతుంది. ఎందుకంటే నిజాం కాలంలో పరిటాల నిజాందే, చుట్టూ ఉన్న కృష్ణా జిల్లా బ్రిటిష్ వాళ్ళది. గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకే భాష మాట్లాడుకోవడం మాకు తాతల నాటి అలవాటు.

రెండో సీజన్, 2015. టైటాన్స్ సెమీఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా బెంగళూరు బుల్స్. స్కోరు 39-38. ఒక్క పాయింటు! ఒక్కటంటే ఒక్క పాయింటుతో పోయింది. ఇలాంటి ఓటమి అయ్యాక ఏ జట్టుకైనా ఇంటికెళ్ళిపోవాలని ఉంటుంది. కానీ మూడో స్థానం మ్యాచు మిగిలి ఉంది. అందులో పట్నా పైరేట్స్‌ని 34-26తో ఓడించారు. ఆ ఒక్క పాయింటు గురించి నాతో మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ మూడో స్థానం గురించి ఎవరూ మాట్లాడరు. నాకైతే అదే గొప్ప. గుండె పగిలాక కూడా మళ్ళీ వెళ్ళి నిజాయితీగా ఆడటం చిన్న విషయం కాదు.

నిన్న శత్రువు, రేపు మనవాడు

2018 ఆగస్టు, జకార్తా. ఆసియా క్రీడల్లోకి కబడ్డీ 1990లో వచ్చింది. అప్పటి నుంచి వరసగా ఏడుసార్లు మగవాళ్ళ బంగారం మనదే. ఎనిమిదోసారి సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో మనని ఓడించింది. ఆడవాళ్ళ ఫైనల్లో కూడా ఇరానే, 27-24. ఆ ఇరాన్ ఆడవాళ్ళ జట్టు కోచ్ ఎవరో తెలుసా? శైలజా జైన్, మహారాష్ట్ర నాసిక్ ఆవిడ. ఆవిడ ద్రోహం చేసినట్టా, లేక మన ఆటని ఇంకో దేశానికి నేర్పినట్టా? నేనైతే రెండోదే అంటా.

ఇంకోటి చూడండి. ఓడిన మన జట్టులో రాహుల్ చౌదరి ఉన్నాడు, టైటాన్స్ స్టార్ రైడర్, పుట్టింది ఉత్తరప్రదేశ్ బిజ్నోర్‌లో, మన దగ్గర మాత్రం సొంత ఇంటి కుర్రాడు. గెలిచిన ఇరాన్ జట్టులో అబోజర్ మిఘానీ అనే డిఫెండర్ ఉన్నాడు. అక్టోబర్‌లో ప్రో కబడ్డీ ఆరో సీజన్ మొదలైంది. ఇద్దరూ టైటాన్స్ జెర్సీలోనే! ఆగస్టులో అబోజర్‌ని తిట్టినవాడు అక్టోబర్‌లో అతని టాకిల్‌కి ఈల వెయ్యాలి. ప్రొఫెషనల్ ఆటలో చెయ్యి కలపడం మర్యాద మాత్రమే కాదు, తెలివి కూడా. రేపు ఎవడు నీ పక్కన నిలబడతాడో నీకు తెలీదు.

2023 అక్టోబర్ 7, హాంగ్జౌ, ఆసియా క్రీడల ఫైనల్. మళ్ళీ ఇరానే. 28-28, ఆట అయిపోవడానికి రెండు నిమిషాలు కూడా లేవు. పవన్ సెహ్రావత్ కూతకి వెళ్ళి ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగుపెట్టాడు, వెనకే ఇరాన్ డిఫెండర్లు కూడా వచ్చారు. ఒక రూల్ ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. ఇంకో రూల్ ప్రకారం వెంట వచ్చిన డిఫెండర్లు కూడా ఔట్. తీర్పు ఇచ్చారు, మార్చారు, మళ్ళీ మార్చారు. ఒకసారి మనవాళ్ళు మ్యాట్ మీద కూర్చున్నారు, ఇంకోసారి వాళ్ళు కూర్చున్నారు. దాదాపు గంట ఆట ఆగిపోయింది. చివరికి 33-29తో బంగారం మనకొచ్చింది. గెలిచినందుకు సంతోషమే. కానీ ఆ గంటలో ఇరాన్ వాళ్ళ స్థానంలో మనముంటే ఏమనేవాళ్ళం? ఆ ప్రశ్న అడుక్కోకుండా సంబరం చేసుకోవడం నాకు కష్టం. అక్కడ ఆటగాళ్ళ తప్పు లేదు, రూలు ఏదో ముందే అందరికీ స్పష్టంగా లేకపోవడమే తప్పు.

ఆ వెంటనే జరిగిన వేలంలో పవన్ 2.605 కోట్లకి మన టైటాన్స్‌కి వచ్చాడు. ఇరాన్ తరఫున ఆడిన షాద్లూయీ 2.35 కోట్లకి పుణెరి పల్టన్‌కి వెళ్ళాడు. పల్టన్ ఆ సీజన్ కప్పు కొట్టింది. ఎక్కడో తెలుసా? మన హైదరాబాద్ గచ్చిబౌలిలో, 2024 మార్చి 1న. మన టైటాన్స్ ఆ ఏడు 22 మ్యాచుల్లో గెలిచింది రెండే, అట్టడుగు. ప్లేఆఫ్స్ మన ఇంట్లో, మనం మాత్రం లేము. 2016 తర్వాత టైటాన్స్ మళ్ళీ ప్లేఆఫ్స్ చూసింది 2025లోనే. అక్కడ కూడా ఫైనల్ ముంగిట పుణెరి పల్టన్ చేతిలో 50-45.

మరి మన వరస ఎక్కడ?

ఆటగాళ్ళకి చెయ్యి కలపడానికి ఒక వరస ఉంది. మనకి, అంటే ఫోన్ పట్టుకున్న అభిమానికి, అలాంటి వరస లేదు. మ్యాచు అయిన ఐదు నిమిషాల్లో మన చేతికి దొరికేది కామెంట్ బాక్సు. ఒక పాయింటు వదిలేసిన కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్ళి వాళ్ళమ్మని తిట్టి వస్తే అది అభిమానం అవదు. ఆ కుర్రాడు అప్పటికే అవతలి వాడికి చెయ్యిచ్చి, వాడి వీపు తట్టి, లోపలికి వెళ్ళిపోయి ఉంటాడు. ఓడినవాడు ఒప్పుకున్న ఓటమిని మనం ఒప్పుకోకపోతే ఎలా?

బాధపడొద్దని నేను అనట్లేదు. నాకు 39-38 ఇప్పటికీ మండుతుంది. రిఫరీ తప్పు చేస్తే తప్పనే అందాం, గట్టిగానే అందాం. కానీ ఓడిన రాత్రి ఒక్క పని చేద్దాం. గెలిచిన జట్టులో నిజంగా బాగా ఆడినవాడి పేరు ఒకటి రాద్దాం. అంతే, ఒక్క పేరు. అదే మన చెయ్యి కలపడం.

ఈ ఎపిసోడ్ కిందే మొదలుపెడదాం. మీ జట్టుని ఓడించినవాళ్ళలో మీకు నచ్చిన ఆటగాడు ఎవరో కామెంట్ చెయ్యండి. నేను ముందు రాస్తున్నా: ఫజల్ అత్రాచలీ, ఇరాన్. మన రైడర్లని ఎన్నిసార్లు పట్టేశాడో, అయినా ఆ పట్టు చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వచ్చే వారం కలుద్దాం, ఉంటా మరి.