క్రాఫ్టన్ చెరువులో కొర్రమీను చుట్టం

నేను మేరీలాండ్‌లో దిగిన 2002 వేసవిలో టీవీ పెడితే ఒకటే చేప గోల. క్రాఫ్టన్ అనే ఊళ్ళో, షాపింగ్ సెంటర్ వెనకున్న చిన్న చెరువులో ఎవరి గాలానికో పాము తల, నోటినిండా పళ్ళున్న చేప పడిందట. గాలి పీలుస్తుందట, నేల మీద నడుస్తుందట! పేపర్లవాళ్ళు "ఫ్రాంకెన్‌ఫిష్" అని పేరు పెట్టేశారు.

ఫొటో చూడగానే నవ్వొచ్చింది. అచ్చం మన కొర్రమీనుకి పెదనాన్న కొడుకు! చైనా వైపు నుంచొచ్చిన నార్దర్న్ స్నేక్‌హెడ్ అది. నిజానికి నడక ఏమీ లేదు, తడి నేల మీద మెలికలు తిరుగుతూ కాస్త జరుగుతుందంతే. గాలి మాత్రం నిజమే. మొప్పల పైన చిన్న గదుల్లాంటివి ఉంటాయి, నీటి పైకొచ్చి వాటిలో గాలి నింపుకుంటుంది. మన కొర్రమీనునైతే పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. అందుకేగా మా అమ్మమ్మ తడి గోనెసంచిలో సంత నుంచి తెచ్చినా ఇంటికొచ్చాక ఎగిరిపడేది!

ఆ గట్టి ప్రాణమే దాని చుట్టాన్ని అమెరికా చేర్చింది. హాంకాంగ్ నుంచొచ్చిన ఒకాయన, జబ్బుపడిన తోబుట్టువుకి సూప్ కాచిపెడదామని న్యూయార్క్ నుంచి బతికున్నవి రెండు తెప్పించాడు. ఈలోగా ఆమె కోలుకుంది. కొన్నాళ్ళు తొట్టిలో పెంచి, చెరువులో వదిలేశాడు. మృగశిర కార్తెకి ఉబ్బసం మందుతో కొర్రమీను పిల్లని మింగే ఊరి నుంచి వచ్చినవాణ్ణి, ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

కానీ వదలడం తప్పే. సెప్టెంబరులో చెరువులో రొటెనోన్ అనే విషం కలిపితే వెయ్యికి పైగా పిల్లలు చచ్చి తేలాయి. వాటితో పాటు ఏ పాపం ఎరగని స్థానిక చేపలూ పోయాయి. అక్టోబరులో స్నేక్‌హెడ్ జాతులన్నిటినీ బతికుండగా దేశంలోకి తేవడం, రాష్ట్రాలు దాటించడం నిషేధించారు. ఆ జాబితాలో మన కొర్రమీనూ ఉంది! 2004లో పొటోమాక్ నదిలోనూ స్నేక్‌హెడ్‌లు కనిపించాయి. అవి క్రాఫ్టన్‌వి కావని జన్యుపరీక్షల్లో తేలింది. అంటే వదిలిన మహానుభావులు ఇంకా ఉన్నారన్నమాట.

విషం కలపడానికి నది చెరువు కాదు కదా. ఇక తినడమే మార్గమని, 2024లో మేరీలాండ్ దానికి "చెసాపీక్ చన్నా" అని కొత్త పేరు పెట్టింది. చన్నా అంటే మనకి శనగలు!

మొన్న ఒకటి తెచ్చి పులుసు పెట్టి, నాన్నకి ఫోన్‌లో చెప్పాను.

"బతికున్నదేనా?"

"బతికున్నది ఇంట్లో పెట్టుకుంటే నేరం నాన్నా. ఇక్కడ చచ్చిందే అమ్ముతారు."

"చచ్చిన కొర్రమీను ఎవరు కొంటార్రా?" అన్నారు, నిజంగానే బాధపడి.