విద్యుద్వాహనములు: పూర్వచరిత్ర, నేటి చిక్కులు

2022వ సంవత్సరము ఏప్రిలు మాసమున నిజామాబాదు పట్టణమందొక యింట విద్యుత్ స్కూటరు బ్యాటరీని రాత్రివేళ ఛార్జింగునకు బెట్టి కుటుంబమువారు నిద్రించిరి. తెల్లవారకమునుపే యది పేలెను. ఎనుబది యేండ్ల వృద్ధు డొకడు మరణించెను. ఇంటిలో మరికొందరు గాయపడిరి. మన మాచారెడ్డి ప్రాంతము 2016 వరకు ఆ జిల్లాలోనిదే. కావున నిది దూరదేశపు వార్త కాదు. పొగలేని బండి యని జనులు కొనియాడు వాహనమున కీ చిక్కెట్లు వచ్చెను? సమాధానము దాని చరిత్రలోనే కలదు.

ఈ బండి క్రొత్తది కాదు. 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని నిర్మించెను. 1881లో గుస్తావ్ త్రువే పారిస్ వీధిలో మూడు చక్రముల విద్యుద్బండిని నడపెను. 1899లో బెల్జియము వాడగు కామిల్ జెనాట్సీ గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను; రహదారిపై నట్టి వేగము నందిన మొదటి బండి విద్యుద్బండియే. 1900 ప్రాంతమున అమెరికాలోని మోటారుబండ్లలో సుమారు మూడవవంతు విద్యుత్తుతో నడచెడివి.

అట్టిది యేల వెనుకబడెను? 1908లో ఫోర్డు చౌకయైన పెట్రోలుబండిని తెచ్చెను. 1912లో చేతిపిడి త్రిప్పు శ్రమ తీరెను. అంతకన్న ముఖ్యకారణము బరువు. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి కలదు. కిలో సీసపు బ్యాటరీలో యూనిట్టులో 25వ వంతు మాత్రమే. యంత్రము పెట్రోలు శక్తిలో పెద్దభాగమును వేడిమిగా పోగొట్టుకొన్నను, వ్యత్యాసము మిగులుచునే యున్నది. మరియు పెట్రోలును డబ్బాలో నే పల్లెకైనను మోయవచ్చును. విద్యుత్తునకు స్తంభము, తీగ కావలెను. 1932లో నిజాము రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వ రవాణా ప్రారంభమైనపుడు మన పల్లెలకు తీగ యెక్కడిది?

1991లో లిథియము బ్యాటరీ అంగడికి వచ్చెను. దానిని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమాన మొసగిరి. బరువు తగ్గెను గాని క్రొత్త ప్రమాదము చేరెను. లోపలి గదులలో నొకటి మితిమీరి కాగినచో, ఆ వేడి ప్రక్క గదికి, దానినుండి మరియొకదానికి ప్రాకును. ఆరినట్లు కనబడిన మంట మరల రగులవచ్చును. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికిందరాబాదులో, క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన వసతిగృహము గల భవనమున మంట లేచి, పొగచే ఎనమండుగురు ప్రాణములు గోల్పోయిరి. ఆ యేడు డిసెంబరు 1 నుండి ప్రభుత్వము బ్యాటరీల రక్షణ నియమములను కఠినము చేసెను. మన వేసవి యెండ సైతము బ్యాటరీ యాయువును హరించునని మరువరాదు.

ఇక పొగ సంగతి. బండివెనుక పొగ లేదనుట నిజము. కాని రామగుండమున బొగ్గు మండుచున్నంతకాలము పొగ యసలే లేదనుట సరికాదు. అది తావు మారినది. బ్యాటరీకి వలయు కోబాల్టులో సగమునకు మించి ఆఫ్రికాలోని కాంగో దేశపు గనులనుండి వచ్చును. ఆ త్రవ్వకములలో పసిపిల్లలు కూడ శ్రమించుచున్నారు. దక్షిణ అమెరికాలో అటకామా యను మిక్కిలి నీటికరవు గల యెడారిలో భూగర్భపు ఉప్పునీటిని తోడి, యెండబెట్టి లిథియమును తీయుదురు. నీటి విలువ బావుల లోతు నెరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఐనను న్యాయము చెప్పవలెను. తయారీలో విద్యుద్బండి కాలుష్య మెక్కువ. ఆయుష్కాల మంతయు లెక్కించినచో పెట్రోలుబండికన్న తక్కువయని పరిశోధకులు తేల్చిరి. సూర్యరశ్మినుండి విద్యుత్తు పెరిగినకొలది ఆ లాభమును పెరుగును. కావున బండిని నిందించుట కాదు, దాని గుణదోషము లెరిగి వాడుటయే వివేకము.

పెద్దలు ఇంటిలోని యువకులకు మూడు మాటలు చెప్పుదురుగాక. బ్యాటరీని పడకగదిలోను, వాకిటి కడ్డముగాను ఛార్జింగునకు బెట్టరాదు. మెలకువగా నున్నపుడే, గాలి యాడు చోట, దానికై యిచ్చిన ఛార్జరుతోనే పెట్టవలెను. ఉబ్బినదానిని, నీట మునిగినదానిని వాడరాదు. అరిగిన బ్యాటరీని చెరువుగట్టున పారవేయరాదు. 2022 నాటి నియమముల ప్రకారము దానిని మరల సేకరించు బాధ్యత తయారీదారులది. కొనకమునుపే దుకాణదారుని అడుగుడు: “పాతదానిని ఎవరు తీసికొందురు?” అతడు జవాబు చెప్పజాలనిచో, ఆ బేరమును మరియొక దినమునకు వాయిదా వేయుట మేలు.