పడమటి మండలాల్లో కౌజు వేట

మెట్ట చేలలోనూ గుట్టల అంచు తుప్పలలోనూ తిరిగే కౌజులను, పూరేళ్ళను, అడవికోళ్ళను పట్టడాన్ని, కాల్చడాన్ని కలిపి కౌజు వేటగా చెప్పవచ్చు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఈ పక్షులకు సహజమైన ఆవాసాలు. ఇక్కడి వేటలో రెండు సంప్రదాయాలున్నాయి. ఉచ్చు, వల, ఎర పిట్టలతో సాగేది పాతది. వెనక నుంచి తూటా పెట్టే తుపాకీతో, వాసన పట్టే కుక్కతో సాగేది ఆంగ్లేయుల కాలంలో వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో జరిగిన సవరణతో వినోదం కోసం చేసే వేటకు లైసెన్సులు ఇచ్చే పద్ధతి పూర్తిగా ముగిసింది.

నేల, పక్షులు

ఈ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. మదనపల్లెకు దగ్గర్లోని హార్స్‌లీ కొండలు 1,200 మీటర్లు దాటుతాయి. రాతి గుట్టలు, వాటి కింద తంగేడు, బలుసు, రేగు, కలే తుప్పలు, మధ్యలో రాగి, ఉలవ, వేరుశనగ చేలు, చెరువు కట్టలు ఇక్కడి నేల తీరు. తిండి చేలలో, దాపు తుప్పల్లో దొరికే ఈ అమరిక నేల పక్షులకు బాగా సరిపోతుంది.

వీటిలో ముఖ్యమైనది కౌజు. దీని పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు, బరువు సుమారు పావు కిలో. బూడిద, గోధుమ రంగుల సన్నని చారలు దాన్ని ఎండుగడ్డిలో కలిపేస్తాయి. మగకౌజు కాలికి పదునైన ముల్లు ఉంటుంది. జంటలుగా, చిన్న గుంపులుగా మేస్తుంది. రాత్రి ముళ్ళ చెట్ల మీద నిద్రిస్తుంది. పొద్దున, సాయంత్రం గట్టిగా కూస్తుంది. గింజలతో పాటు చెదలు, పురుగులు తింటుంది కనుక రైతుకూ మేలు చేసే పక్షి.

పూరేడు అన్న పేరు వాడుకలో ఒక్క పక్షికే పరిమితం కాదు. వానకాలంలో గడ్డిలో గూడుపెట్టే పూరేళ్ళు, చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చేవి, తుప్పల్లో గుంపుగా ఉండే చిట్టి జాతులు అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. గుట్టల మీద జిట్టకోడి, దట్టమైన అడవిలో అడవికోడి, బీళ్ళలో పొలంక పిట్ట కనిపిస్తాయి. తెలుగువారి పక్షి నామాలను పుస్తకాలకెక్కించినవారిలో మద్రాసు సైన్యపు వైద్యుడు థామస్ జెర్డాన్ ముఖ్యుడు. నెల్లూరులో పనిచేసిన కాలంలో ఆయన యానాదుల నుంచి ప్రకృతి విజ్ఞానాన్ని సేకరించాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లనూ చేర్చాడు.

నేటి బజారులో కౌజు పిట్ట, కంజు పిట్ట అన్న పేర్లతో అమ్మేది ఫారాల్లో పెంచే జపాన్ పూరేడు. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి తెచ్చిన జాతి అది. అడవి కౌజుకూ దానికీ పేరులో తప్ప పోలిక తక్కువ.

ఊరి వేట

ఉచ్చులు, వలలు, ఎర పిట్ట స్థానిక వేటకు ఆధారాలు. ఎర పిట్టను దీమం అంటారు. కౌజు తన హద్దులోకి మరో మగకౌజు రావడాన్ని సహించదు. పెంపుడు కౌజును పంజరంలో పెట్టి తుప్ప దగ్గర ఉంచితే అది కూస్తుంది. ఆ కూతకు పోట్లాటకు పరుగెత్తుకొచ్చిన అడవి కౌజు పంజరం చుట్టూ పన్నిన ఉచ్చుల్లో చిక్కుకుంటుంది. పక్షి పౌరుషమే దానికి వలగా మారుతుంది. పూరేళ్ళకు మాత్రం చేను గట్టున వల కట్టి, ఎదుటి వైపు నుంచి నెమ్మదిగా తోలుకొస్తారు.

యానాదులు, నక్కలవారు, ఎరుకలవారి వంటి సముదాయాలకు పిట్టల నడవడి బాగా తెలుసు. ఏ పక్షి ఏ వేళకు నీళ్ళకు దిగుతుందో, ఏ గడ్డిలో గూడు పెడుతుందో వారు తరతరాలుగా గమనించి నేర్చుకున్నారు. వేటగాడికి తెలుగు సంస్కృతిలో గౌరవస్థానమూ ఉంది. ఇదే నేలకు తూర్పున ఉన్న శ్రీకాళహస్తి స్థలపురాణంలో భక్త కన్నప్ప బోయ వేటగాడే. ధూర్జటి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో కన్నప్పగా మారిన ఆ తిన్నడి కథను విస్తరించి చెప్పాడు.

వాసన పట్టి నిలిచే కుక్క

ఐరోపాలో పక్షి వేట కోసం తీర్చిన కుక్కల్లో పాయింటర్, సెట్టర్ జాతులు ప్రసిద్ధం. ఇవి పక్షిని తరమవు. గాలికి ఎదురుగా అటూ ఇటూ తిరుగుతూ వాసన పసిగడతాయి. దాగిన పక్షి దగ్గరకు రాగానే కదలకుండా నిలిచిపోతాయి. ముక్కు పక్షివైపు, తోక నిటారుగా, తరచు ముందు కాలు ఒకటి పైకెత్తి ఉంటుంది. వేటగాడు దగ్గరికొచ్చి పక్షిని లేపి, ఎగురుతుండగా కాలుస్తాడు. జంటలో ఒక కుక్క నిలిస్తే రెండోది దాన్ని చూసి తానూ నిలవడం మంచి శిక్షణకు గుర్తు.

దక్షిణాదిలో పుట్టిన రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాగిలాల పద్ధతి వేరు. ఇవి కంటితో చూసి పరుగెత్తి కుందేలు వంటి జంతువులను పట్టేవి. పక్షి ముందు నిలవడం వీటి స్వభావంలో లేదు.

పడమటి మండలాల్లో పాయింటర్‌కు కష్టాలు ఎక్కువ. కుక్క ఎదుట పక్షి అణగి కూర్చుంటేనే ఈ విద్య పనిచేస్తుంది. కౌజు ఎగరడం కంటే పరుగెత్తడానికే మొగ్గు చూపుతుంది. కుక్క నిలిచిన చోటుకు వేటగాడు చేరేలోగా అది తుప్పల కిందుగా జారుకుంటుంది. ఎండ ముదిరాక పొడి నేలమీద వాసన నిలవదు. ముళ్ళు పాదాల్లో గుచ్చుకుంటాయి, కొన్ని గడ్డి గింజలు చర్మంలోకి చొచ్చుకుపోతాయి, పాముల భయం సరేసరి. అందుకే ఇటువంటి నేలలో కుక్కకు అనువైనవి చలికాలపు తెల్లవారుజాములే. మిగతా వేళల్లో మనుషులు వరసగా తుప్పలు కొడుతూ పక్షులను లేపడమే నమ్మకమైన పద్ధతి. అణగి కూర్చుని, చివరి క్షణంలో లేచే పూరేడు విషయంలో మాత్రం కుక్క బాగా ఉపయోగపడుతుంది.

తుపాకీ, తూటా

పక్షి వేటకు వాడేది గొట్టం లోపల నునుపుగా ఉండే తుపాకీ. ఒక్క గుండుకు బదులు సన్నని సీసపు రవ్వల గుంపు వెదజల్లుతుంది. పన్నెండు బోర్ అన్నది గొట్టం వ్యాసపు కొలత. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు పట్టే వెడల్పు అది, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. రవ్వల నంబరు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. బ్రిటిష్ కొలతలో ఔన్సుకు ఆరో నంబరు రవ్వలు 270, ఎనిమిదో నంబరువి 450. కౌజు వంటి పక్షికి ఆరు, ఏడు నంబర్లు, పూరేడుకు ఎనిమిది వాడేవారు. దాదాపు 35 మీటర్లు దాటితే రవ్వలు పలచబడి పక్షి చావకుండా గాయపడుతుంది. కనుక దూరం అంచనా వేయడం వేటగాడి నీతిలో భాగం.

తూటాలో కింద నిప్పు పుట్టించే టోపీ, దానిపైన తుపాకీ మందు, మధ్యలో అట్ట లేదా ఉన్ని బిళ్ళ, ఆపైన రవ్వలు ఉంటాయి. పేలిన ఖాళీ గొట్టాన్ని మళ్ళీ నింపుకునే అలవాటు ఆంగ్లేయుల కాలపు వేటగాళ్ళలో ఉండేది. దుకాణం దూరం కావడం, ఖర్చు కలిసిరావడం, పక్షికి తగినట్టు రవ్వలు మార్చుకోగలగడం ఇందుకు కారణాలు. నల్ల తుపాకీ మందు స్థానంలో పొగరాని మందు వచ్చాక ఈ పని ప్రమాదకరమైంది. కొత్తమందును పాతమందు కొలతలో పోస్తే గొట్టం పగిలి చేతులు, కళ్ళు పోతాయి. స్వతంత్ర భారతంలో పూణే దగ్గరి ఖడ్కీ కర్మాగారం శక్తిమాన్ పేరుతో పన్నెండు బోర్ తూటాలు తయారుచేసింది.

ఊళ్ళలోని నాటు తుపాకీ ఇంకో రకం. దాని మూతిలోంచి మందు, గుడ్డపేలిక, రవ్వలు వేసి కడ్డీతో దట్టిస్తారు. ఒక దెబ్బ తప్పితే మళ్ళీ నింపేలోగా పక్షి అందదు. అందుకే ఎగిరే పక్షి కంటే కూర్చున్న పక్షినే గురి చూస్తారు.

చట్టం

బ్రిటిష్ ప్రభుత్వం 1887లోనూ 1912లోనూ అడవి పక్షుల రక్షణకు చట్టాలు చేసింది. గూళ్ళు పెట్టే కాలంలో వేటను ఆపడం వాటి ముఖ్యోద్దేశం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మరింత ముందుకు వెళ్ళినా, కొన్ని పక్షులను లైసెన్సుతో వేటాడే వీలు మిగిల్చింది. 1991 సవరణ దాన్నీ తొలగించింది. ఈ చట్టంలో వేట అంటే చంపడమే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, గుడ్లు, గూళ్ళు పాడుచేయడం అన్నీ వేటే. 2022 సవరణ సాధారణ నేరాలకు జరిమానాను లక్ష రూపాయల వరకు పెంచింది.

తుపాకుల విషయం 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. అది పంట కాపలాకు మూతి నుంచి నింపే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. ఆ లైసెన్సు పక్షిని కాల్చే హక్కు ఇవ్వదు. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారుచేయడం నేరం.

నేటి స్థితి

కుప్పం, పలమనేరు అడవుల్లో 1990 డిసెంబరులో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగులకు ప్రసిద్ధమైన ఈ అడవి నేల పక్షులకూ ఆశ్రయం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీని 1991లో పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ నాటిన చెట్లు, ఆపిన గొడ్ల మేత వల్ల బోడిగుట్టలు మళ్ళీ పచ్చబడ్డాయి. ఆ లోయ పక్షులపై రంగస్వామి, శ్రీధర్ రాసిన పుస్తకం 1993లో వెలువడింది.

వేట ఆగినా కౌజుకు ముప్పు తప్పలేదు. తుప్పలు కొట్టి చదును చేయడం, పురుగుమందులు, దొంగచాటు ఉచ్చులు నేటి ప్రధాన ప్రమాదాలు. పన్నెండు బోర్ తుపాకీ విద్య ఇప్పుడు మట్టి బిళ్ళలను కాల్చే క్రీడగా సాగుతోంది. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఈ క్రీడలోని ట్రాప్ విభాగంలో భారతదేశం తరఫున పోటీపడ్డాడు. పాయింటర్ కుక్కలు పెంపుడు జంతువులుగా మిగిలాయి. కూతను బట్టి కౌజును, అడుగుజాడను బట్టి జిట్టకోడిని గుర్తుపట్టే పాత వేటగాళ్ళ పరిజ్ఞానం ఇప్పుడు పక్షుల లెక్కింపులకు, అడవి కాపలాకు పనికొచ్చే విలువైన సంపద.