ఆకు, కాయ, గడ్డ, పండు: పడమటి చిత్తూరు ఆహారచరిత్రలో లెక్కకు రాని తిండి

వ్యాససంగ్రహం:
బరువు తగ్గదలచినవారు కూరగాయల, పండ్ల కేలరీలను లెక్కించనక్కరలేదన్న సలహా నేడు బాగా వాడుకలో ఉంది. ఈ 'లెక్కించకపోవడం' ఎక్కడనుంచి వచ్చిందో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు ఆహారచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. భాషలోని ఆహారపదజాలం, 1876–78 కరవుకాలపు కూలి లెక్కలు, కూనూరు–హైదరాబాదు పోషకాహార పట్టికలు ఇందుకు ఆకరాలు.

కీలకపదాలు: ఆదరువు, సంగటి, కరవు కూలి, కేలరీ, పోషకవిలువల పట్టిక, మదనపల్లె, పుంగనూరు, కుప్పం.

1. ప్రవేశిక

ఆహారనియమం పాటించేవారికి ఈనాడు ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి చూడటానికి చాలా చిన్నది. తిన్న అన్నాన్ని, చపాతీని, నూనెను లెక్కించినట్లే తిన్న టమోటాను, బీరకాయను, మామిడిపండును కూడా లెక్కించాలా? వద్దనేవారు రెండు కారణాలు చెబుతారు. వాటిలో శక్తి తక్కువ. లెక్క పెట్టమంటే జనం వాటిని తినడం మానేస్తారు. లెక్కించాలనేవారి వాదం ఒక్కటే: దేహానికి కేలరీ ఎక్కడిదైనా కేలరీయే. ఈ చర్చ పోషకాహార శాస్త్రానికి చెందినదిగా కనిపిస్తుంది. అయితే దేన్ని లెక్కించాలి, దేన్ని విడిచిపెట్టాలి అన్న నిర్ణయం ఎప్పుడూ శాస్త్రం ఒక్కటే చేసింది కాదు. భాష చేసింది, సర్కారు ఖాతా చేసింది, ఆ తరువాతనే ప్రయోగశాల చేసింది.

ఈ పరిశీలనకు చిత్తూరు ఉమ్మడి జిల్లా పడమటి భాగం అనువైనది. ఒకవైపు కన్నడం, మరొకవైపు తమిళం ఒరుసుకొనే ఈ మెట్టభూమి తరతరాలుగా రాగిసంగటి నాడు. అదే నేల నేడు టమోటాకు, మామిడికి పేరుపొందింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో తాలూకా. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జమీందారీ. కుప్పం ప్రాంతం కంగుంది జమీనులోనిది. పాలనాపరంగా వేరువేరు చేతుల్లో ఉన్నా మూడుచోట్లా కంచంలో ఉన్నది ఒకటే.

2. ఆదరువు

తెలుగులో అన్నంలోకి, సంగటిలోకి తినే కూర, పచ్చడి, పులుసులకు 'ఆదరువు' అని పేరు. ఆదరువు అంటే ఆధారం, ఊత. తిండి అసలైనది వేరే ఉంది, ఇది దానికి ఆసరా అని ఆ మాటే చెబుతున్నది. సంస్కృతం నుంచి వచ్చిన 'వ్యంజనం' కూడా ఇటువంటిదే. వ్యాకరణంలో హల్లును వ్యంజనమంటాం; అచ్చు తోడులేనిదే అది పలకదు. వంటింటి వ్యంజనం అన్నం తోడులేనిదే భోజనం అనిపించుకోదు. సంగటిని కన్నడంలో 'ముద్దె' అని, తమిళంలో 'కళి' అని అంటారు. దానితో తినే పదార్థాన్ని గురించి తెలుగువారు 'నంజుకోవడానికి' అంటే, కన్నడిగులు 'నెంచికొళ్ళలు' అని, తమిళులు 'తొట్టుక్కొళ్ళ' అని అంటారు. మూడు భాషల్లోనూ కూరది అద్దుకొనే స్థానమే, ఆకలి తీర్చే స్థానం కాదు.

కొలతల్లోనూ ఈ భేదం ఉంది. గింజలకు సేరు, పడి. ఆకుకూరకు కట్ట, పిడికెడు. గింజను కొలిచిన పాత్రతో ఆకును కొలిచిన ఇల్లు లేదు. చేలగట్ల మీద దొరికే గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు ఏరుకొచ్చి పులగూర చేసుకొనే ఇంట్లో ఆకుకు ధరే లేదు, ఇక లెక్క ఎక్కడిది? 'పథ్యం' అన్న మాట కూడా ఎంత తినాలో చెప్పదు. ఏది తినాలో, ఏది కూడదో చెబుతుంది. కనుక కూరగాయను లెక్కించకపోవడం ఈ నేలమీద కొత్త సలహా కాదు. కొత్తది, లెక్కించడం.

అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. లెక్కించకపోయినా తెలుగు వీటన్నిటినీ ఒకే మూటగా కట్టలేదు. ఆకు, కాయ, గడ్డ, పండు అని నాలుగుగా విడదీసింది. 'పండ్లు, కూరగాయలు' అన్న జంటపదం నేటి ప్రచార సాహిత్యంలో ఒక్క పదార్థం పేరులా వాడుకలోకి వచ్చింది. ఈ వ్యాసంలో ముందుకు సాగేకొద్దీ ఆ నాలుగింటి భేదమే ముఖ్యమవుతుంది.

3. ఒక పౌను గింజలు, ఒక అర్ధణా

కూరగాయను ఖాతాలో ఎక్కడ రాయాలన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం ఒకటుంది. 1876లో వానలు తప్పడంతో మొదలైన మహాకరవు కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాలు రెండింటినీ పట్టి పీడించింది. వైస్రాయి లిట్టన్ పంపగా 1877 జనవరిలో మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవుపనుల్లో పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, దానిపై అర్ధణా చాలునని నిర్ణయించాడు. అంతకుముందు మద్రాసు ప్రభుత్వం ఇస్తున్నది ఇంతకంటె ఎక్కువ. మద్రాసు శానిటరీ కమిషనరు డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఈ రాజధాని ప్రజల ఆహారాన్ని, జైళ్ళలోని ఖైదీల తిండిని గురించి 1863లోనే నివేదికలు రాసినవాడు కార్నిష్. కష్టం చేసే మనిషికి పౌనున్నర కావాలని అతని వాదన. నెలల తరబడి సాగిన ఆ వివాదాన్ని విలియం డిగ్బీ 1878లో వెలువరించిన దక్షిణ భారత కరవు చరిత్రలో విస్తరంగా చదవవచ్చు. 1877 మే నెలలో 'టెంపుల్ కూలి'ని సడలించారు.

ఈ ఘట్టాన్ని చరిత్రకారులు ప్రధానంగా ధాన్యం కొలత గురించిన తగవుగానే చూశారు. నా దృష్టి అర్ధణా మీద నిలుస్తుంది. ఉప్పు, మిరప, కూరగాయలవంటి సరుకులకు ఉద్దేశించిన భాగం అది. ధాన్యానికి బరువు ఉంది. దాని ధర పెరిగితే కూలి పెరుగుతుంది. కూరకు బరువు లేదు, చిల్లర మాత్రమే ఉంది; ధర ఏదైనా అర్ధణా అర్ధణాయే. 'ఆదరువు' అన్న మాటలో ఉన్న తారతమ్యమే ఇక్కడ సర్కారు ఖాతాలోకి ఎక్కింది. తేడా ఒక్కటే: ఇంట్లో ఆదరువును లెక్కించకపోవడం సమృద్ధికి సంబంధించినది, ఖాతాలో లెక్కించకపోవడం పొదుపుకు సంబంధించినది.

ఆనాటి వాదన కేలరీల్లో నడవలేదు. నేటి పట్టికను ఆనాటి కొలతలకు పట్టించి చూస్తే ఆ తగవులో ఏముందో తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్ బృందం 1971లో ప్రకటించిన పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 328 కేలరీలు. ఒక పౌను, అంటే 454 గ్రాములు, సుమారు 1,490 కేలరీలు. పౌనున్నర సుమారు 2,230. కోత పడినది 740 కేలరీలు. అదే పట్టికలో 100 గ్రాముల తోటకూరకు 45 కేలరీలు. పోయిన అరపౌను రాగులకు బదులు ఆకు తిని సరిపెట్టుకోవాలంటే రోజుకు కిలోన్నరకు పైగా ఆకు కావాలి. వానలు లేని ఏడాది చేలగట్టు మీద అంత ఆకు ఎక్కడిది? దొరికినా, రోజంతా రాళ్ళు మోసిన మనిషి కడుపు దాన్ని పట్టగలదా? కూరగాయల శక్తి అత్యల్పం అన్న వాక్యం నేడు బరువు తగ్గేవారికి శుభవార్త. 1877లో అదే వాక్యం మరణవార్త.

4. కూనూరు పట్టిక

1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకు మొదలైన చిన్న విభాగం 1928 నాటికి పోషకాహార పరిశోధనశాల అయింది. రాబర్ట్ మెక్‌కారిసన్ తరువాత 1935లో దాని బాధ్యత తీసుకొన్న డబ్ల్యు. ఆర్. ఎయిక్రాయిడ్ అంతకుముందు నానాజాతి సమితి ఆరోగ్య విభాగంలో పనిచేసినవాడు. అతని సంపాదకత్వంలో 1937లో వెలువడిన 23వ హెల్త్ బులెటిన్ భారతీయ ఆహారపదార్థాల పోషకవిలువల పట్టికగా ప్రసిద్ధి పొందింది. తెలుగువారి ఆకుకూర తొలిసారి గింజతో ఒకే కొలమానంలో, ఒకే పుటల మధ్య చేరింది ఇటువంటి పట్టికల్లోనే. ఆ పట్టికలు ఆకుకూరలను, దుంపలను, ఇతర కూరగాయలను, పండ్లను వేరువేరు శీర్షికల కింద ఉంచాయి. తెలుగు వంటింటి నాలుగు విభాగాలకు ఇవి దాదాపు సరిగ్గా సరిపోతాయి. ప్రయోగశాల వంటింటి నుంచి నేర్చుకొన్నదని నేను అనను. రెండూ ఒకే సంగతిని గమనించాయి.

ఆ కాలపు పోషకాహార భావనల్లో కేలరీతోపాటు ఇంకొకటి ముఖ్యమైంది. పాలు, ఆకుకూరలు, పండ్లు 'రక్షకాహారాలు'. వాటిని తినవలసింది శక్తికోసం కాదు, విటమిన్ల కోసం, ఖనిజాల కోసం. అలా కూరగాయకు ఆదరువు స్థానం పోయి గౌరవస్థానం వచ్చింది, కేలరీ లెక్కనుంచి మాత్రం మళ్ళీ తప్పుకొంది. ఇదివరకు తక్కువైనది కనుక లెక్కించలేదు. ఇప్పుడు గొప్పది కనుక లెక్కించలేదు. నేటి సలహాలో ఈ రెండు కారణాలూ కలగాపులగంగా వినిపిస్తాయి.

1958లో ఆ పరిశోధనశాల హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 2017లో ఆ సంస్థ టి. లాంగ్వా బృందం ద్వారా 528 ఆహారపదార్థాలకు కొత్త పట్టిక ప్రకటించింది. అందులో పీచును ప్రత్యేకంగా, మరింత కచ్చితంగా కొలిచారు. దానితో మునగాకువంటి వాటి శక్తివిలువ పాత పట్టికకంటె తగ్గింది. లెక్కించాలా వద్దా అన్న చర్చలో పాల్గొనేవారు ఏ పట్టికను వాడుతున్నారో చెప్పకపోవడం సాధారణ లోపం.

5. బరువు పెరగడానికి లెక్క

మదనపల్లెలో ఆహారాన్ని, దేహపు బరువును కలిపి చూసిన మరొక చోటు ఆరోగ్యవరం. డెన్మార్కు దేశీయుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్-మొల్లర్ నాయకత్వంలో 1915లో ప్రారంభమైన ఆ క్షయ శానటోరియం కాలంలో, మందులు రాకముందు, ప్రపంచమంతటా క్షయరోగికి విశ్రాంతి, గాలి, పుష్టికరమైన తిండే చికిత్స. రోగి బరువు పెరగడం కోలుకోవడానికి గుర్తు. తూకం యంత్రం మీద ముల్లు పైకి కదిలితే సంతోషించిన తరం అది. అటువంటి తిండిలో పాలు, గుడ్లు, మాంసం ముందువరుసలో ఉంటాయి. అప్పుడు కూడా ఆకుకూరకు లెక్కలో చోటు రాలేదు. కారణం మాత్రం ఇప్పటికి తలకిందులు.

6. సున్న అన్న అంకె

బరువు తగ్గడానికి కేలరీలు లెక్కించడం అమెరికాలో లులు హంట్ పీటర్స్ 1918లో ప్రచురించిన పుస్తకంతో ప్రజాదరణ పొందింది. ఆమె పద్ధతిలో పండుకూ కూరగాయకూ కూడా అంకె ఉంది. 2010లో వెయిట్ వాచర్స్ సంస్థ తన కొత్త పద్ధతిలో పండ్లకు, చాలా కూరగాయలకు సున్న పాయింట్లు ఇచ్చింది. అది కొలిచి తేల్చిన సున్న కాదు, ప్రోత్సాహక సున్న. చిరుతిండి వైపు పోయే చేతిని పండువైపు మళ్ళించే ఉపాయం. ఉపాయంగా దానికి నేను విలువ ఇస్తాను. దాన్ని వాస్తవంగా ప్రచారం చేయడమే ఇబ్బంది.

ఎందుకంటే మన నాలుగు విభాగాల్లో ఆ సున్న ఒకేలా పనిచేయదు. 1971 పట్టికలో 100 గ్రాముల టమోటాకు 20 కేలరీలు, వంకాయకు 24, కాకరకు 25. మదనపల్లె మార్కెట్టుకు వచ్చే టమోటాను కిలో తిన్నా 200 కేలరీలే. దీన్ని లెక్కించడం వృథాశ్రమ. గడ్డల సంగతి వేరు: బంగాళాదుంపకు 97. పండ్లలో బొప్పాయికి 32, జామకు 51, మామిడికి 74, సపోటాకు 98, సీతాఫలానికి 104, అరటికి 116. మామిడి సీజనులో ఒకరు 300 గ్రాముల గుజ్జు తింటే 222 కేలరీలు. అది 65 గ్రాముల బియ్యపు అన్నంతో సమానం. రాత్రి సంగటి మాని రెండు పెద్ద అరటిపండ్లు తినేవారు తమ కంచంనుంచి తీసివేసినదాన్ని ఇంచుమించు తిరిగి పెట్టుకొన్నట్లే. చిత్తూరు తోతాపురిని పిండి గుజ్జుగా, రసంగా తాగితే నమలడం కూడా ఉండదు. పండు అన్న పేరు మాత్రం మిగులుతుంది. మధుమేహం ఉన్నవారికి 'పండ్లు ఎంతైనా తినవచ్చు' అన్న మాట చెప్పేవారు ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవాలి.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల నమూనా కంచం ఇచ్చింది. అందులో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. రెండూ మొత్తంలో చేరాయి, కాని ఒకే మోతాదులో చేరలేదు. మన చర్చకు ఆ నాలుగుకు ఒకటి నిష్పత్తి చాలా ఉపయోగకరం. నా అభిప్రాయంలో ఆకును, నీటి కాయను విడిచిపెట్టవచ్చు. గడ్డను గింజతోపాటు, పండును పండుగానే లెక్కించాలి.

ఇక ఎవరూ అంతగా పట్టించుకోని అంశం ఒకటి మిగిలింది. 400 గ్రాముల వంకాయ, టమోటా కలిపినా 100 కేలరీలకు మించవు. పది గ్రాముల నూనె 90 కేలరీలు. అంటే కూరలోని కూరగాయ మొత్తం, పోపులో వేసిన రెండు చిన్న చెంచాల నూనెతో దాదాపు సమానం. కూరను లెక్కించవద్దన్నప్పుడు వినేవాడు గిన్నెలోని వేపుడంతటికీ ఆ మినహాయింపు వర్తిస్తుందనుకొంటాడు. పులగూర వేరు. ఆకును, పచ్చిమిరపను, చింతపండును ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి, నూనె పేరుకు వేసిందే వేసినట్లుగా సంగటిలో నంజుకొనేవారు. ఆ కూరకు లెక్క అక్కరలేకపోయింది. అదే ఆకును నేడు బాణలిలో వేయించి వడ్డిస్తే, పేరు ఆకుకూరే అయినా పట్టికలో వెతకవలసిన పుట నూనెలది.