సురభి నాటకసమాజము

 

భరతముని నాట్యమును మొదట తన నూర్గురు పుత్రులకు నేర్పెననియు, కైశికీవృత్తి స్త్రీలు లేనిదే సాగదని విన్నవింపగా బ్రహ్మ అప్సరసలను సృజించి యిచ్చెననియు నాట్యశాస్త్రము చెప్పుచున్నది. ఒక కుటుంబము, అందు స్త్రీలు: ఈ రెండును గూడినప్పుడే ప్రయోగము సంపూర్ణమయ్యెనని మేము తాత్పర్యము గ్రహించితిమి. ఇందుకు తెలుగునాట నిదర్శనము కావలెనన్న సురభివారిని చూపవచ్చును.

వీరి పూర్వులు మహారాష్ట్రదేశమునుండి వచ్చి, తోలుబొమ్మలాడించి జీవించినవారు. 1885వ సంవత్సరమున కడపమండలమందలి సురభి గ్రామమున నొక వివాహసందర్భమున, బొమ్మలను ప్రక్కనుంచి తామే వేషములు ధరించి కీచకవధ నాడిరి. వనారస గోవిందరావుగారు సమాజమునకు మూలపురుషులు. కుటుంబములు పెరిగినకొలది సమాజములును శాఖోపశాఖలై ఊరూర డేరాలు వేసినవి.

ఆకాలమున తక్కిన సమాజములలో స్త్రీపాత్రలను తరచుగా పురుషులే ధరించెడివారు. సత్యభామగా స్థానం నరసింహారావుగారు (1902-1971) గడించిన కీర్తి లోకవిదితము. సురభిలోనన్ననో తల్లులు, కోడండ్రు, కుమార్తెలు రంగమెక్కిరి. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి పాత్రధారిణి కమలాబాయిగారు సురభివారి యాడుబిడ్డయే.

చిన్ననాట మేము వారి మాయాబజారు చూచితిమి. చిత్రించిన తెరలపై రాజసౌధములు, తీగెలపై దిగివచ్చు నారదుడు, నింగిలో నొండొంటిని తాకి నిప్పులురాల్చు బాణములు! మరునాటి పగలు డేరావెనుక ఘటోత్కచుడు చంటిబిడ్డ నుయ్యెల నూపుచుండుట చూచి విస్తుపోతిమి. ఆ సమాజపు బలము తీగెలలో లేదనియు, ఆ యుయ్యెలలో నున్నదనియు మాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

అయినను ఆ నాటకములకు చప్పట్లు చరచిన చేతులే రంగమెక్కిన స్త్రీని వేలెత్తి చూపినవి. అందుకు మనవారును వెలిగారు. పిమ్మట చలనచిత్రములు, దూరదర్శనము వచ్చి డేరాలను పలుచన చేసినవి. 2013లో సురభి నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ లభించినది. కాని బిరుదుతో డేరా నిండదు.

బంధుత్వమును ఊరేగింపులకు గాక ఒక విద్యను నిలుపుటకు వినియోగించిన యీ కుటుంబములనుండి, అనకాపల్లిలోని మన సంఘము నేర్వవలసినది కలదు. సురభివారు ఆడుచోటికి ఉచితపు చీట్లడుగక, టిక్కెట్టు కొని, ఆడపిల్లలను వెంటబెట్టుకొని పోవుదము. ఆ పిల్లలలో నెవతెకైన నటనాభిలాష పుట్టెనేని అడ్డుపడకుందుము. అదియే నిజమైన పోషణము.