ఒక నంబరు పెద్దది

డిసెంబరులో ఒక రాత్రి మా అన్నయ్య కొడుకు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. జనవరిలో ఇక్కడికి, విన్నిపెగ్‌కి వచ్చి చదువులో చేరాలి వాడు. "బాబాయ్, మైనస్ నలభై అని రాసున్న బూట్లు తెప్పించాను. తొమ్మిదో నంబరు. కాలికి అచ్చు గుద్దినట్టు సరిపోయాయి," అన్నాడు సంబరంగా. "అచ్చు గుద్దినట్టు సరిపోతే వెనక్కి పంపెయ్‌రా," అన్నాను. పరాచికమనుకున్నాడు.

వచ్చిన మొదటి చలికాలం నేను చేసిందీ అదే. సరిగ్గా సరిపోయే బూట్లు కొన్నాను. చలి బాగా ముదిరిన రోజున లోపల రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడిగి, లేసులు బిగించి కట్టి, బస్సు కోసం నిలబడ్డాను. మొదట వేళ్ళు నొప్పి పెట్టాయి, కాసేపటికి నొప్పి పోయింది. పోయినందుకు సంతోషించాను కూడా! ఎడమకాలి చిటికెన వేలికి ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. అప్పట్నుంచి చలిదేశాల బూట్ల చరిత్ర ఎక్కడ కనబడ్డా చదవడం అలవాటైంది. నాకంటే ఎంతో తెలిసినవాళ్ళు, పెద్ద పెద్ద సైన్యాలతో సహా, ఇదే పొరపాటు చేశారని అలా తెలిసింది.

చలిని నిజంగా ఆపేది తోలు మధ్యా ఉన్ని మధ్యా కదలకుండా చిక్కుకున్న గాలి. ఇరుకు బూటులో రెండో మేజోడు దూర్చామంటే ఆ గాలిని పిండేశామన్నమాట. ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు శరీరం గుండెనీ మెదడునీ కాపాడుకోవడం కోసం కాళ్ళకీ చేతులకీ నెత్తురు తగ్గించేస్తుంది. వచ్చే ఆ కాస్తకీ మనం లేసులతో అడ్డం పడతాం. ఇక చెమట. ఎంత చలైనా నడిచే కాలికి చెమట పట్టక మానదు. తడిసిన ఉన్నిలో గాలి ఉండాల్సిన చోట నీళ్ళుంటాయి. నడక ఆపగానే అవి చల్లబడి, గడ్డకడతాయి. కాబట్టి బూటు కొనేటప్పుడు అడగాల్సినవి రెండే: లోపల చోటెంత, చెమట ఎక్కడికి పోతుంది?

ఉత్తర స్కాండినేవియాలో రెయిన్‌డీర్‌లను కాసుకునే సామీలు ఈ రెంటికీ ఎండుగడ్డితో జవాబు కనిపెట్టారు. రెయిన్‌డీర్ చర్మాన్ని వెంట్రుకలు బయటికి ఉండేట్టు కుట్టి, కాలికంటే వదులుగా బూటు చేస్తారు. మిగిలిన చోటులో గడ్డి కూరతారు. చిత్తడి నేలల్లో పెరిగే గడ్డి అది, మన తుంగకి చుట్టమే. కోసి, ఎండబెట్టి, మెత్తగా అయ్యేదాకా నలుపుతారు. అది గాలిని పట్టి ఉంచుతుంది, చెమటని పీలుస్తుంది. రాత్రి బయటికి లాగి దులిపితే గడ్డకట్టిన చెమట రాలిపోతుంది. ఇంత తేలికైన ఉపాయం ఆ తర్వాత ఏ కంపెనీ కనిపెట్టిందో నాకైతే కనబడలేదు. ఈ బూట్లని నార్వే వాళ్ళు ఫిన్‌స్కో అంటే, ఇంగ్లీషు వాళ్ళు ఫిన్నెస్కో అన్నారు.

1910లో దక్షిణ ధ్రువానికి బయల్దేరిన స్కాట్ బృందం ఈ ఫిన్నెస్కోలనీ గడ్డినీ వెంట తీసుకెళ్ళింది. బూట్లు మంచివే. కానీ ధ్రువం నుంచి తిరిగివచ్చే దారిలో తిండి చాలక, ఒంట్లో వేడి పుట్టక, బూట్లు పూర్తిగా ఆరేంత ఇంధనం లేక అవి కూడా ఓడిపోయాయి. ఆ ఉదయం బూట్లు తొడుక్కోవడానికే గంటన్నర పట్టిందని 1912 మార్చి 2న స్కాట్ డైరీలో రాసుకున్నాడు. రాత్రి చలి మైనస్ 40 దాటింది. (ఆ ఒక్క అంకె దగ్గర ఫారెన్‌హీటూ సెల్సియస్సూ ఒకటే.) రెండు వారాల తర్వాత ఓట్స్ తనవల్ల మిగతావాళ్ళు ఆగిపోకూడదని మంచు తుఫానులోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ కథ అందరికీ తెలిసిందే. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ నవంబరులో వెతకడానికి వెళ్ళినవాళ్ళకి దొరికిన అతని ఫిన్నెస్కో. ఒకదాన్ని ముందువైపు నిలువునా కోసి ఉంచారు, వాచిన కాలు అందులో పట్టడం కోసం.

అంతకు ముందు ఏడు, అదే ఖండంలో అముండ్‌సెన్ చలికాలమంతా బూట్లతో కుస్తీ పట్టాడు. స్కీలకి బిగించాలంటే అడుగు గట్టిగా ఉండాలి, చలికి తట్టుకోవాలంటే లోపల వదులుగా ఉండాలి. నార్వేలో ప్రత్యేకంగా చేయించి తెచ్చిన బూట్లు ఇరుగ్గా, బిరుసుగా తేలాయి. చీకటి నెలల్లో వాటిని విప్పి, పెద్దవి చేసి, మళ్ళీ కుట్టారు. అయినా 1911 సెప్టెంబరులో తొందరపడి బయల్దేరితే చలి మైనస్ 50 కిందికి దిగింది. కొందరి మడమలు మంచుకాటుకి గురై అందరూ వెనక్కి రావాల్సొచ్చింది. వచ్చాక మొదట పట్టుకున్నవాటిలో బూట్లొకటి. మళ్ళీ విప్పారు, మళ్ళీ కుట్టారు. అక్టోబరులో బయల్దేరిన అయిదుగురు డిసెంబరు 14న ధ్రువం చేరారు. అముండ్‌సెన్ గెలుపు గురించి రాసేవాళ్ళు కుక్కల గురించి రాస్తారు. న్యాయమే. కానీ కుట్టు విప్పడానికి సిగ్గుపడకపోవడం కూడా అందులో ఒక భాగమని నా నమ్మకం.

సైన్యాల దగ్గర ఆ ఓపిక కనిపించదు. 1941 చలికాలంలో మాస్కో ముందు జర్మను సైనికుల బూట్లకి అడుగున ఇనప మేకులున్నాయి. ఒక్కో మేకూ కాలి వేడిని నేలలోకి దించే దారి. బూట్లేమో కాలికి సరిపోయేట్టు ఇచ్చినవి. లోపల ఇంకో మేజోడుకి గాని, కాగితం కుక్కుకోవడానికి గాని చోటు లేదు. ఆ చలికాలంలో వాళ్ళలో మంచుకాటు తగిలినవాళ్ళు లక్ష దాటారు. ఎదురుగా ఉన్న రష్యన్లవి పల్లెటూళ్ళ వాలెంకీలు. ఉన్నిని నీళ్ళతో తడిపి, నొక్కి చేసిన మొద్దు బూట్లు. కుట్టు లేదు, మేకు లేదు, పాతకాలపు వాటికి కుడి ఎడమల తేడా కూడా లేదు. రాత్రి పొయ్యి మీద పెడితే ఆరిపోతాయి. మంచు కరిగి బురదైతే మాత్రం పనికిరావు, పైన రబ్బరు తొడుగు వేసుకోవాల్సిందే.

రబ్బరు అనగానే కొరియా గుర్తొస్తుంది. 1950 చివర్లో చోసిన్ జలాశయం దగ్గర అమెరికన్ మెరైన్లకి ఇచ్చినవి కింద రబ్బరు, పైన తోలు ఉన్న బూట్లు. బయటి తడి లోపలికి రాదు, లోపలి చెమట బయటికి పోదు. కొండ ఎక్కుతున్నంతసేపూ కాళ్ళు వెచ్చగా ఉండేవి. పైన ఆగి, గుంటలో కూర్చోగానే అదే చెమట మంచయ్యేది. ఆ తర్వాత వచ్చిన బూటు వింతైనది. ఉన్నిని రెండు రబ్బరు పొరల మధ్య గాలి చొరకుండా మూసేశారు. పాదం చెమటతో నానినా ఉన్ని తడవదు, కాబట్టి వేడి పోదు. చూడ్డానికి ఉబ్బెత్తుగా ఉంటుందని సైనికులు దానికి మిక్కీ మౌస్ బూటని పేరు పెట్టారు. సామీలు చెమటని గడ్డికిచ్చి దులిపేస్తే, వీళ్ళు చెమటని కాలి దగ్గరే ఉండనిచ్చి ఉన్నిని దాచేశారు.

ఎవరెస్టు మీద కూడా ఇదే తడి కథ. 1953 మే 28 రాత్రి ఆఖరి గుడారంలో హిల్లరీ బూట్లు విప్పి పడుకున్నాడు. తెల్లారేసరికి అవి ఇనప ముద్దల్లా బిగుసుకుపోయాయి. స్టవ్ మీద రెండు గంటలు కాచి మెత్తబరిస్తేగాని తొడుక్కోలేకపోయాడు. టెన్సింగ్ అసలు విప్పలేదు.

మన సంగతి చెప్పాలంటే కాస్త కష్టంగానే ఉంటుంది. 1962లో నామ్కా చూ ఒడ్డున, హిమాలయాల్లో, మన సైనికులు చాలామంది నూలు దుస్తుల్లో, కాన్వాస్ బూట్లలో ఉన్నారు. అక్కడి బ్రిగేడ్‌ని నడిపి, చైనాకి ఖైదీగా చిక్కిన జాన్ దాల్వీ తర్వాత 'హిమాలయన్ బ్లండర్' రాశాడు. ఆ పుస్తకం చదివితే తుపాకుల కొరత కంటే బట్టల కొరత ఎక్కువ బాధిస్తుంది. అది అరవై రెండు, పేద దేశం అనుకుందాం. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదికలో ఎత్తైన మంచు ప్రాంతాల సైనికుల సంగతి ఉంది. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా వాళ్ళకి బహుళార్థ బూట్లు అందలేదట, ఉన్నవాటినే మళ్ళీ వాడుకోవాల్సొచ్చిందట. ఒకరి కాలికి అణిగిపోయిన బూటు ఇంకొకరి కాలికి ఎంత వెచ్చగా ఉంటుందో నివేదికలో చెప్పరు కదా.

ఇదంతా ఫోన్లో చెప్తే వాడు వినడు. డబ్బా మీది మైనస్ నలభై ఆగకుండా నడిచే మనిషికా, బస్సు కోసం నిలబడ్డ మనిషికా అని అడిగాను. డబ్బా తిప్పి చూసి, రాయలేదన్నాడు. లోపలి ఉన్ని తొడుగు విడిగా ఊడి వస్తుందా, రాత్రి ఆరబెట్టుకోవచ్చా అని అడిగాను. రాదన్నాడు. పదో నంబరు, తొడుగు ఊడొచ్చేది చూడమన్నాను.

"వదులుగా ఉంటే నవ్వుతారు బాబాయ్."

"మీ తాతయ్య జూన్‌లో బడి తెరిచేముందు మీ నాన్నకీ నాకూ ఒక నంబరు పెద్ద బూట్లే కొనేవాడు. రెండేళ్ళు రావాలని. ముందు దూది కుక్కుకుని వెళ్ళేవాళ్ళం. నవ్వేవాళ్ళు, నిజమే."

"మరి ఖమ్మంలో చలి లేదుగా," అన్నాడు.

తొమ్మిదో నంబరువే వేసుకుని దిగుతాడని నాకు తెలుసు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు నా పాత పదో నంబరు జతని, ఉన్ని తొడుగులు రాత్రంతా హీటర్ పక్కన ఆరబెట్టి, డిక్కీలో వేసుకున్నాను.